మిషన్ మనకెంత అర్థమవుతోంది?

అంకె వెనక ఏముంది?

పత్తి సీజన్ మొదలైందంటే ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో అందరి నోటా ఒకటే మాట: తేమ ఎంతొచ్చింది? వరుసలో నిలిపిన బండి దగ్గరికొచ్చి పత్తిలోకి మీటరు ముల్లు గుచ్చుతారు. కాసేపట్లో తెర మీద అంకె పడుతుంది. 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర. 8 దాటితే, దాటిన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. 12 దాటితే భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, కొనదు. ఇక ఆ బండి ప్రైవేటు వ్యాపారి చెప్పిన ధరకే పోవాలి.

“గిదేంది సారూ! నిన్నంతా ఎండల ఆరబోసిన పత్తే గదా. పక్క బండికి పదకొండొచ్చె, నాకు పద్నాలుగు ఎట్లొస్తది?”

రైతు అడిగేది ఇదే. వినబడే జవాబు కూడా ఒకటే: “నేనేం జేయాలె? మిషన్ చూపెడుతున్నది.”

నిజానికి రైతు ప్రశ్నకు సరైన జవాబు ఉంది. పొడి పత్తి గుండా కరెంటు దాదాపు పారదు. తేమ చేరిన కొద్దీ కొద్దికొద్దిగా పారుతుంది. యార్డుల్లో వాడే మీటర్లు చాలావరకు ముల్లు కొనల మధ్య కరెంటుకు ఎంత అడ్డంకి ఉందో చూసి, దాన్నిబట్టి తేమ ఇంత అని లెక్కగడతాయి. పత్తిని వదులుగా వదిలేసి గుచ్చితే ఒక అంకె, అదిమిపట్టి గుచ్చితే ఇంకో అంకె రావచ్చు. పైపొర ఎండకు ఆరి ఉంటుంది, లోపల మంచు తేమ అలాగే ఉంటుంది. చలికి పేరుపడ్డ ఆదిలాబాద్‌లో నవంబరు, డిసెంబరు తెల్లవారుజామున బండి కట్టుకొచ్చిన రైతుకు ఈ తేడా ఇంకా ఎక్కువ. ఒకే బండిలో మూడు చోట్ల మూడు అంకెలొస్తే మూడూ నిజమే కావచ్చు.

ఈ నాలుగు మాటలు రైతుకు ఎవరూ చెప్పరు, మీటరు అంతకన్నా చెప్పదు. అది కొలవడం వరకే నేర్చుకుంది. అందుకే తేమ దగ్గర మొదలైన మాట రోడ్డు మీద ధర్నా దాకా పోతుంది.

తేమ మీటరు రోబో కాదు. చుట్టూ ఉన్నదాన్ని పసిగట్టి, తనకు తానుగా ఒక నిర్ణయం తీసుకొని, ఆ నిర్ణయం ప్రకారం కదిలేదాన్ని రోబో అంటాం. మీటరు పసిగట్టడం దగ్గరే ఆగిపోతుంది. ఒక్క అంకె చూపే మీటరు దగ్గరే ఇంత రభస జరిగితే, నిర్ణయమూ కదలికా రెండూ తన చేతిలో పెట్టుకున్న యంత్రం సంగతేమిటి? అది పని సరిగా చేస్తోందా అని ఇంజినీర్లు చూసుకుంటారు. దాని పని పక్కనున్న మనిషికి అర్థమవుతోందా అన్నది వేరే ప్రశ్న. ఇలా అర్థం కావడాన్నే శాస్త్రజ్ఞులు పారదర్శకత అంటున్నారు, ఇంగ్లీషులో ట్రాన్స్‌పరెన్సీ. దాన్ని కొలవవచ్చా? కొలవవచ్చు. ఎలాగో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

బోర్డు, ఇండికేటర్, కండక్టర్

కరీంనగర్ బస్టాండులో మంథని పోయే పల్లెవెలుగు బస్సు ఎక్కారనుకోండి. ఇంజను ఎలా పనిచేస్తుందో మీకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అయినా ఆ బస్సు మీకు బాగానే అర్థమవుతుంది. మూడు సంగతులు కలిసొస్తేనే అలా అవుతుంది.

మొదటిది ముందున్న బోర్డు. పెద్దపల్లి మీదుగా మంథని అని రాసి ఉంది. సుల్తానాబాద్ దాటాక ఎటు పోతుందో మీరు ముందే చెప్పగలరు. ఇది ఊహకు అందడం, ప్రిడిక్టబిలిటీ. రెండోది ఇండికేటర్. బస్సు కుడికి తిరగబోతోందని వెనక వచ్చే బండి వాడికి తిరగకముందే తెలుస్తుంది. ఇది కదలికలోనే ఉద్దేశం కనబడటం, లెజిబిలిటీ. మూడోది కండక్టర్. ఊరు కాని చోట బస్సు ఆగితే “ఏమైంది?” అని అడుగుతాం. “టైరు పంచరైంది, పది నిమిషాలు” అంటాడు. ఇది కారణం చెప్పగలగడం, ఎక్స్‌ప్లెయినబిలిటీ.

ఈ మూడూ ఒకటి కాదు. బోర్డు ఉండి కండక్టర్ నోరు మెదపని బస్సు ఉండొచ్చు. కండక్టర్ మంచివాడై ఇండికేటర్ వెలగని బస్సూ ఉండొచ్చు. రోబోల విషయంలో మొదటి రెండింటి మధ్య తేడాను 2013లో పరిశోధకులు ఆంకా డ్రాగన్, కెంటన్ లీ, సిద్ధార్థ శ్రీనివాస స్పష్టంగా చూపించారు. బల్ల మీద పక్కపక్కనే రెండు వస్తువులున్నాయి. రోబో చెయ్యి కుడివైపుదాన్ని అందుకోవాలి. సూటిగా పోతే మన ఊహకు తగ్గట్టే పోయినట్టు. కానీ సగం దూరం పోయేదాకా అది ఏ వస్తువు కోసం పోతోందో చూసేవాళ్లకు తేలదు. మొదటి నుంచే కాస్త కుడికి వంపు తీసుకుని పోతే దారి పొడుగవుతుంది గానీ, ఉద్దేశం ముందే తెలిసిపోతుంది. అంటే ఊహకు అందే కదలిక, ఉద్దేశం చెప్పే కదలిక ఒక్కోసారి ఒకదానికొకటి అడ్డం పడతాయి. యంత్రం తయారుచేసేవాళ్లు ఏది ఎక్కడ ముఖ్యమో తేల్చుకోవాలి.

ఈమధ్య వచ్చిన ట్రాన్స్‌పరెన్సీ ఆఫ్ రోబోట్స్ స్కేల్, ముద్దుగా టోరోస్, అనే కొలమానం కూడా దాదాపు ఈ మూడు పాయలుగానే ఉంటుంది: అంతుపట్టకపోవడం, కారణం చెప్పడం, ఊహకు అందడం.

చేను మీద డ్రోను, నేల కింద షియరర్

మన ప్రాంతంలో రోబోలెక్కడున్నాయని అడిగేవారికి రెండు ఉదాహరణలు చాలు.

ఉమ్మడి కరీంనగర్ వరి పొలాల్లో మందు కొట్టడానికి ఇప్పుడు కిరాయి డ్రోన్లు వస్తున్నాయి. ఒక డ్రోను చేను మీద వరుసగా పోతూ పోతూ మడి మధ్యలో ఉన్నట్టుండి ఆగుతుంది. గాలిలో ఒక్క క్షణం నిలబడి వెనక్కి తిరిగి గట్టు మీదికి వచ్చేస్తుంది. గట్టు మీదున్న రైతుకు గుండె గుభేలుమంటుంది. చెడిపోయిందా? మందు పూర్తిగా పడకుండానే కిరాయి లెక్కగడతారా? నిజానికి జరిగింది మామూలు పనే. ట్యాంకులో మందు అయిపోయింది, లేదా బ్యాటరీ తగ్గింది. ఎక్కడ ఆపిందో ఆ చోటు గుర్తుపెట్టుకుని, మందు నింపాక మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. ఆ కారణం పైలట్ చేతిలోని రిమోట్ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. అంటే అదే డ్రోను, అదే నిమిషంలో పైలట్‌కు అర్థమవుతోంది, చేను యజమానికి అర్థం కావడం లేదు. “ఈ యంత్రం ఎంత పారదర్శకం?” అని ఊరికే అడగకూడదు, “ఎవరికి?” అని కూడా అడగాలి.

రెండో ఉదాహరణ నేల కింద ఉంది. ఒకప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పటి పెద్దపల్లి జిల్లాలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో సింగరేణి 2014 నుంచి బొగ్గు తీస్తోంది. వందల మీటర్ల లోతున పొడవాటి బొగ్గు గోడ. దాని వెంట షియరర్ అనే యంత్రం పళ్లున్న డ్రమ్ములను తిప్పుతూ అటూ ఇటూ పోతూ బొగ్గు కోస్తుంది. మనుషుల నెత్తి మీద పైకప్పును వరుసగా నిలబడ్డ హైడ్రాలిక్ సపోర్టులు మోస్తుంటాయి. షియరర్ దాటిపోగానే ఒక్కో సపోర్టు కాస్త కిందికి దిగి, ముందుకు జరిగి, మళ్లీ పైకి బిగుసుకుంటుంది. వదిలేసి వచ్చిన వెనక భాగంలో పైకప్పు కూలిపోతుంది. అది కూలాల్సిందే, పద్ధతే అది.

ఇలాంటి సపోర్టులను షియరర్ కదలికను బట్టి వాటంతటవే జరిగేలా అమర్చవచ్చు. అప్పుడు పక్కనున్న కార్మికుడికి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఏ సపోర్టు ఎప్పుడు కదలబోతోందన్నది. అందుకే ఈ తరహా యంత్రాల్లో కదలబోయే ముందు దీపం వెలిగేలా, శబ్దం వచ్చేలా పెడతారు. అయితే షియరర్ రొదలో ఆ శబ్దం వినబడుతోందా? బొగ్గు దుమ్ములో దీపం కనబడుతోందా? కంపెనీ కాగితంలో హెచ్చరిక ఉంది అని రాసి ఉంటే చాలదు. అది మనిషికి అందిందా లేదా అన్నదే లెక్క.

గని కార్మికులకు ఇది కొత్త సంగతి కాదు. రాడ్డుతో పైకప్పును తట్టి, గట్టి శబ్దమా డొల్ల శబ్దమా అని విని, నిలవాలో తప్పుకోవాలో తేల్చుకోవడం తరాలుగా ఉన్న విద్య. బండకు నోరు లేకపోయినా తట్టి వినే చెవి కార్మికుడికి ఉంది. కంప్యూటరు నడిపే సపోర్టును తట్టి తెలుసుకోలేం. తన సంగతి అదే చెప్పాలి.

అనిపించినదానికి అంకె వేయడం

ఒక మనిషికి యంత్రం ఎంత అర్థమవుతోందని అనిపిస్తోందో ఆ మనిషినే అడగాలి. ఎలా అడగాలన్నదానికి 1932లో అమెరికా మనోవిజ్ఞాని రెన్సిస్ లికర్ట్ ఒక దారి చూపించాడు. ప్రశ్నకు బదులు ఒక వాక్యం ఇస్తారు. దానితో ఎంతవరకు ఒప్పుకుంటారో మెట్ల మీద చెప్పమంటారు: అస్సలు ఒప్పుకోను, ఒప్పుకోను, ఏమీ చెప్పలేను, ఒప్పుకుంటాను, పూర్తిగా ఒప్పుకుంటాను. మొదటి మెట్టుకు 1, చివరిదానికి 5.

మన డ్రోను గురించైతే వాక్యాలు ఇలా ఉండొచ్చు:

ఇది ఇప్పుడు ఏం చేస్తున్నదో చూస్తేనే నాకు తెలుస్తున్నది.
ఇంకొంచెం సేపట్లో ఎటు పోతదో నేను ముందే చెప్పగలను.
ఎందుకు ఆగిందో నాకు తెలిసేటట్టు చెప్తది.
దీని కదలిక నాకు అంతుపట్టదు.

నాలుగోదాన్ని కావాలనే తిరగేసి రాశారు. అన్నిటికీ చూడకుండా ఒప్పుకుంటాను అనేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. మార్కులు వేసేటప్పుడు ఈ వాక్యానికి అంకెను తిరగేస్తారు, 5 వస్తే 1 అవుతుంది.

నాలుగు వాక్యాలు రాసేసి కొలమానం తయారైందంటే కుదరదు. మొదట పదుల సంఖ్యలో వాక్యాలు రాస్తారు. తెలిసినవాళ్లకు చూపించి అస్పష్టమైనవి, రెండు సంగతులు కలిపి అడిగేవి తీసేస్తారు. మిగిలినవాటిని వందలమందికి ఇస్తారు. ఒక్కో వాక్యానికి కనీసం ఐదుగురు, పదిమంది ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. తర్వాత జవాబుల్లో ఏవేవి కలిసి పెరుగుతున్నాయి, ఏవేవి కలిసి తగ్గుతున్నాయి అని చూస్తారు. “ఎటు పోతదో చెప్పగలను”కు 5 ఇచ్చినవాళ్లే “తర్వాత ఏం చేస్తదో తెలుసు”కు కూడా 5 ఇస్తుంటే, రెండూ ఒకే పాయకు చెందినవన్నమాట. పాయలు ఎన్నో జవాబులే తేలుస్తాయి.

ఒక పాయలోని వాక్యాలు ఒకే సంగతిని కొలుస్తున్నాయా అని చూడటానికి 1951లో లీ క్రాన్‌బాక్ ప్రచారంలోకి తెచ్చిన ఆల్ఫా అనే అంకెను ఇప్పటికీ వాడుతున్నారు. అది 1కి దగ్గరైన కొద్దీ వాక్యాలు ఒక్క మాట మీద ఉన్నట్టు. అయితే మరీ 1కి అంటుకుపోతే అనుమానించాలి, అడిగిందే అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగామేమో! చివరి పరీక్ష ఇది: బాగా వివరించే రోబోను ఒక గుంపుకు, నోరు విప్పని రోబోను ఇంకో గుంపుకు చూపించాలి. రెండు గుంపుల మార్కుల్లో తేడా రాకపోతే ఆ కొలమానం పనికిరాదు.

ఊ కొట్టే అలవాటు, మాట్లాడే భాష

ఇలాంటి కొలమానాలు ఎక్కువగా ఇంగ్లీషులో, చదువుకున్నవాళ్ల మీద, తరచూ కంప్యూటరు ముందు కూర్చోబెట్టి తయారుచేసినవి. వాటిని తెచ్చి ఉట్నూరులోనో బేలలోనో పెడితే రెండు చిక్కులొస్తాయి.

మొదటిది భాష. ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు గోండి, కొలామీ, లంబాడీ మాట్లాడే ఇళ్లున్నాయి. మహారాష్ట్ర సరిహద్దు మండలాల్లో మరాఠీ ఇంటి భాష. ఆదిలాబాద్ పట్టణంలో ఉర్దూ వినబడుతుంది. పుస్తకాల తెలుగులో “ఈ యంత్రపు ప్రవర్తన నాకు ఊహాతీతము” అని అడిగితే తెలుగు రైతే తలగోక్కుంటాడు. అందుకు ఒక పద్ధతి ఉంది. ఒకరు వాక్యాలను గోండిలోకి మారుస్తారు. మూలం చూడని ఇంకొకరు వాటిని మళ్లీ వెనక్కి మారుస్తారు. రెండూ కలిశాయా లేదా చూస్తారు. ఆ తర్వాత పదిమందికి చదివి వినిపించి, “నేను అడిగింది నీకేమర్థమైంది? నీ మాటల్లో చెప్పు” అంటారు. చదువురానివాళ్ల కోసం ఐదు మెట్లకు బదులు ఐదు గీతలు గీసి వేలు పెట్టమనవచ్చు.

రెండోది మర్యాద. ప్యాంటు షర్టు వేసుకున్నాయన కాగితం పట్టుకుని ఇంటికొస్తే, “మంచిగనే ఉంది సారూ” అంటారు. స్కీములో పేరు పోతుందేమోనన్న భయం లోపలుంటుంది. ఊ కొట్టే ఈ అలవాటు అన్ని దేశాల్లోనూ ఉంది, శాస్త్రజ్ఞులు దానికి పేరు కూడా పెట్టారు. తిరగేసిన వాక్యాలు కొంత పట్టిస్తాయి. యంత్రం అమ్మేవాళ్లు కాకుండా, స్కీము మంజూరు చేసేవాళ్లు కాకుండా, ఊరివాళ్లకు భయంలేని మనిషి అడిగితే ఇంకా మేలు.

అర్థమైందనుకోవడం, అర్థం కావడం

ఇంతా చేసి మనం కొలిచింది ఏమిటి? మనిషికి ఏమనిపిస్తోందో కొలిచాం. అనిపించడాన్ని బోల్తా కొట్టించడం తేలిక.

1978లో ఎలెన్ లాంగర్ బృందం న్యూయార్క్‌లో చేసిన ప్రయోగం బాగా పేరుపడింది. జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడ్డవాళ్లను, ఐదు పేజీలున్నాయి, నన్ను ముందు తీసుకోనిస్తారా అని అడిగారు. ఉత్తగా అడిగితే 60 శాతం మంది ఒప్పుకున్నారు. తొందరగా పోవాలి అని కారణం చెబితే 94 శాతం. “కాపీలు తీసుకోవాలి కాబట్టి” అని చెప్పినా 93 శాతం! అది కారణమే కాదు, జిరాక్స్ దగ్గరికి ఎవరొచ్చినా కాపీల కోసమే. కాబట్టి అన్న మాట వినబడగానే మనసు ఊ అనేసింది. అయితే ఇరవై పేజీలని అడిగినప్పుడు ఈ ఉత్తుత్తి కారణం పనిచేయలేదు. నష్టం పెద్దదైతే మనిషి మాటను తూచి చూస్తాడు. 2019లో కంప్యూటర్ వ్యవస్థల మీద చేసిన ఒక అధ్యయనంలోనూ డొల్ల వివరణ నిజమైన వివరణంత నమ్మకం పుట్టించింది.

2016లో అమెరికాలోని జార్జియా టెక్‌లో ఇంకా భయపెట్టే సంగతి బయటపడింది. ఒక రోబో మనుషులను గదికి తీసుకుపోయింది. సగం మంది విషయంలో అది దారి తప్పింది. తర్వాత కారిడార్‌లో పొగ నింపి మంటల అలారం మోగించారు. మనుషులు లోపలికొచ్చిన తలుపు మీద ఎగ్జిట్ బోర్డు ఉంది. రోబో ఇంకో దారి చూపించింది. 26 మందిలో 26 మందీ రోబో వెంటే పోయారు, కాసేపటి క్రితం అది దారి తప్పడం కళ్లారా చూసినవాళ్లు కూడా.

కాబట్టి నమ్మకానికి వేసిన మార్కును అర్థం కావడానికి వేసిన మార్కు అనుకోకూడదు. రెండో పరీక్ష పక్కనే ఉండాలి. అది చాలా సాదా పరీక్ష: యంత్రాన్ని, లేదా దాని వీడియోను, మధ్యలో ఆపి “ఇప్పుడేం చేస్తది? ఎందుకు?” అని అడగడం. జవాబు సరైనదా కాదా అని లెక్కపెట్టడం. 2017లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వర్తమ్, ఆండ్రియాస్ థియోడోరూ, జోవన్నా బ్రైసన్ ఈ తరహాలోనే ఒక చిన్న రోబోను పరీక్షించారు. ఒక గుంపుకు రోబో తిరిగే వీడియో మాత్రమే చూపారు. ఇంకో గుంపుకు వీడియోతోపాటు రోబో లోపల ఆ క్షణంలో ఏ నిర్ణయం నడుస్తోందో బొమ్మగా చూపారు. రెండో గుంపుకు రోబో ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో ఎంతో మెరుగ్గా తెలిసింది. మొదటి గుంపులో కొందరు తమకు తోచిన కథలు అల్లుకున్నారు.

రెండు మార్కులూ పక్కపక్కన పెడితే అసలు సంగతి తేలుతుంది. తెలియదని తెలిసినవాడు అడుగు దూరంలో నిలబడతాడు, అతనికి పెద్ద ప్రమాదం లేదు. అంతా తెలుసునని 5 వేసి, తర్వాత కదలికను తప్పు చెప్పినవాడే కదిలే సపోర్టు కింద చెయ్యి పెడతాడు. కొలత వెతకాల్సింది ముందు అతన్ని.

తెర లేని చోట

యంత్రం ఎదురుగా కనబడితే కనీసం అడగడానికి ఒక చోటుంటుంది. కొన్ని నిర్ణయాలకు అదీ లేదు. తెలంగాణలో పలు శాఖల రికార్డులను కలిపి ఒక కుటుంబం వివరాలన్నీ ఒకచోట చూపే సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. ఇంటికొచ్చి చూడకుండా, కంప్యూటర్ లెక్క ఆధారంగా రేషన్ కార్డులు రద్దు చేశారంటూ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ పరిశీలనలో తప్పుగా రద్దయినవి వేలల్లో తేలాయి. కార్డు పోయిన మనిషికి రేషన్ షాపులో దొరికే జవాబు “నీ పేరు వస్తలేదు” అన్నంత వరకే. ఎందుకు రావడం లేదో చెప్పే తెర ఎక్కడా లేదు. ఇలాంటి వ్యవస్థకు కొలమానం పెడితే అధికారికి ఒక మార్కు, కార్డుదారుకు ఇంకో మార్కు వస్తాయి. రెండోదే మనకు కావాల్సింది.

ప్రపంచస్థాయిలో దీనికొక ప్రమాణం వచ్చింది. ఐఈఈఈ 7001-2021 అనే ఆ పత్రం, తమంత తాముగా నడిచే వ్యవస్థల పారదర్శకతను 0 నుంచి 5 వరకు మెట్లుగా విభజించింది. వాడేవారు, చుట్టుపక్కల జనం, భద్రత సర్టిఫికెట్ ఇచ్చేవారు, ప్రమాదాలను విచారించేవారు, కోర్టు నిపుణులు, ఇలా ఐదు గుంపులకు విడివిడిగా మెట్లున్నాయి. వాడేవారి విషయంలో కింది మెట్టు, వాడే పద్ధతి చెప్పే పుస్తకం ఇవ్వడం. పై మెట్లకు పోతే “ఎందుకలా చేశావు?” అని, ఇంకా పైకి పోతే “ఇలా అయితే ఏం చేస్తావు?” అని అడిగే వీలుండాలి, దానికి యంత్రం జవాబివ్వాలి.

మీ చేనుకో, మీ గనికో, మీ పంచాయతీ ఆఫీసుకో కొత్త యంత్రం వచ్చిన రోజున మీరు కూడా మూడు ప్రశ్నలు అడగండి. ఇది తర్వాత ఏం చేస్తుందో నాకు ముందే ఎలా తెలుస్తుంది? కదలబోయే ముందు ఎట్లా చెప్తుంది? తప్పు చేసిందని నాకనిపిస్తే కారణం ఎవరు, ఏ భాషలో చెప్తారు? యంత్రం కొనే టెండరు కాగితాల్లో బరువెంత, కరెంటు ఎంత తాగుతుంది, వారంటీ ఎన్నేళ్లు అని గడులుంటాయి. పక్కన నిలబడే మనిషికి ఎంత అర్థమవుతుంది అన్న గడి కూడా అందులో చేరాలి. ఆ గడి, ఆ మనిషినే అతని భాషలో అడిగి, అతని జవాబును పరీక్షించి చూశాకే నిండాలి.